ఆర్కిటిక్ పొల్యూషన్ స్టడీల్లో ఇన్యూట్ వాళ్ళ పాత్ర నిజంగా ఎంత?

చలిగాలి_22:
అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంట్ చదువుతున్నా, సెమినార్‌కి ఆర్కిటిక్ (ఉత్తర ధ్రువం చుట్టుపక్కల) పొల్యూషన్ తీసుకున్నా. అక్కడి మూలవాసులే ఇన్యూట్ వాళ్ళు. చదివిన పేపర్లలో ఎక్కువగా "స్థానికుల సహకారంతో శాంపిల్స్ సేకరించాం" అని ఒక్క లైన్ ఉంటుంది, అంతే. మా క్లాస్‌మేట్ ఏమో వాళ్ళు వేటాడి ముక్క కోసిస్తారు, అసలు సైన్స్ ల్యాబ్‌లోనే కదా అంటాడు. నాకు ఆ మాట మింగుడుపడట్లేదు కానీ ఎదురు చెప్పడానికి నా దగ్గర సరుకు లేదు. అసలు ఫ్యాక్టరీలే లేని ఊళ్ళలో విషం ఉందని ఎలా బయటపడింది? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

మంచుదారి:
బయటపడిన తీరు వింటే ఒళ్ళు జలదరిస్తుంది. 1980ల్లో కెనడా క్యూబెక్‌లో ఎరిక్ డెవాయి అనే డాక్టర్ తల్లిపాలలో పీసీబీలు (కరెంటు పరికరాల్లో వాడిన విషపు కెమికల్స్) ఎంతున్నాయో చూస్తున్నారు, పోల్చుకోడానికి ఏ కాలుష్యం లేని పాలు కావాలి, ఉత్తరాన నునావిక్‌లో ఫ్యాక్టరీలు లేవు కదా అని అక్కడి ఇన్యూట్ తల్లుల పాలు తెప్పించారు. తీరా చూస్తే దక్షిణ క్యూబెక్ తల్లుల కంటే దాదాపు 5 రెట్లు ఎక్కువ! ఈ కెమికల్స్ వేడి దేశాల్లో ఆవిరై గాలితో పైకి పోయి చలికి అక్కడ దిగిపోతాయి, కొవ్వులో పేరుకుంటాయి, చిన్న చేప నుంచి పెద్ద చేపకి, దాన్నుంచి సీల్‌కి, బెలూగా తిమింగలానికి పోనుపోను చిక్కబడతాయి. చివర్లో తినేది మనిషి, ఆ తర్వాత ఆ తల్లి పాలు తాగే బిడ్డ.

ఇక ముక్క కోసివ్వడం సంగతి. నేను అక్కడ ఒక ల్యాబ్‌లో మూడేళ్ళు చేశా. సీల్ కొవ్వు గడ్డకట్టిన ప్యాకెట్లలో వచ్చేది, దాంతోపాటు కింది దవడ కూడా, పన్ను పల్చగా కోస్తే చెట్టు మొద్దులో లాగా గీతలుంటాయి, వాటితో వయసు లెక్కేస్తాం. ప్యాకెట్‌కి ఒక ఫారం. వేటగాడు నింపిన ఆ ఫారం లేకపోతే మా మెషీన్ ఇచ్చే అంకెకి అర్థమే లేదు, ఎందుకంటే జంతువు చిక్కిపోతే ఉన్న విషమంతా మిగిలిన కాస్త కొవ్వులోనే చేరి రీడింగ్ పెరుగుతుంది. ఒక ఫారం అంచున పెన్సిల్‌తో "ఈ ఏడు మంచు తొందరగా విరిగిపోయింది, సీల్స్ చిక్కాయి" అని రాసుంది. ఆ ఏడు మా గ్రాఫ్ ఎందుకు లేచిందా అని తలలు పట్టుకుని కూర్చున్నాం, జవాబు ఆ పెన్సిల్ రాతలో దొరికింది.

లెక్కమాస్టారు:
బాగుంది కానీ ఒక డౌట్. రక్తం ఇచ్చి తన లక్షణాలు చెప్పినంత మాత్రాన పేషెంట్ డాక్టర్ అవుతాడా? తక్కువ చేసి అనట్లేదు, పాత్రకీ పరిశోధనకీ తేడా ఉంది కదా అంటున్నా.

సముద్రపుగట్టు:
మాస్టారూ, అసలు ఏం వెతకాలో చెప్పింది ఎవరో కూడా చూడండి. అలాస్కా సెయింట్ లారెన్స్ ద్వీపంలో ఆనీ అలోవా అని యూపిక్ ఆవిడ (ఇన్యూట్‌కి దగ్గరి మూలవాసులు), ఊళ్ళో హెల్త్ ఎయిడ్, అంటే ఆరోగ్య కార్యకర్త. అక్కడ నార్త్‌ఈస్ట్ కేప్ దగ్గర అమెరికా వాయుసేన స్థావరం ఉండేది, మూసేసి పోతూ డ్రమ్ములూ నూనె చెత్తా వదిలేశారు. ఆ చుట్టుపక్కల వేటకెళ్ళే కుటుంబాల్లో క్యాన్సర్లు, గర్భస్రావాలు ఎక్కువున్నాయని ముందు గమనించింది ఆవిడే, ఏళ్ళ తరబడి అధికారుల చుట్టూ తిరిగింది. 1999లో తనూ క్యాన్సర్‌తోనే పోయింది. రక్తపరీక్షలూ చేపల్లో పీసీబీల స్టడీలూ ఆ తర్వాత ఊరివాళ్ళు కలిసి చేయించినవి. దీన్ని సహకారం అని ఒక్క ముక్కలో తేల్చేయడం నావల్ల కాదు.

ఇంకోటి, 2001లో స్టాక్‌హోమ్ ఒప్పందం (ఇలాంటి మొండి విష కెమికల్స్‌ని ఆపడానికి దేశాలన్నీ చేసుకున్నది) కుదిరే ముందు చర్చల్లో ఇన్యూట్ల అంతర్జాతీయ సంస్థ ఇన్యూట్ సర్కంపోలార్ కౌన్సిల్ తరఫున షీలా వాట్-క్లూటియే కూర్చుని గట్టిగా వాదించారు, బిడ్డతో ఉన్న ఇన్యూట్ తల్లి శిల్పం ఒకటి బహూకరించారు, చర్చలు నడిపే అధ్యక్షుడి బల్ల మీద అది ఉండేది. ఒప్పందం పీఠికలోనే ఆర్కిటిక్ మూలవాసుల తిండి కలుషితమవడం ప్రజారోగ్య సమస్య అని రాశారు. ఆ మాట ఊరికే రాలేదండీ.

మంచుదారి:
తిండి సంగతి ఎత్తారు కాబట్టి. "తినొద్దు" అనడం మనకి తేలిక, అక్కడ కూరగాయలు విమానంలో రావాలి, ధరలు మండిపోతాయి, పైగా వేట అంటే బంధుత్వం, పంచుకోవడం, భాష అన్నీను. 2011లో నునావిక్‌లో పాదరసం ఫలితాలు వచ్చినప్పుడు మొత్తం మానేయమనలేదు, పిల్లల్ని కనే వయసు ఆడవాళ్ళు బెలూగా మాంసం తగ్గించండి, చేపలు మాత్రం తినండి అన్నారు. ఏ తిండిలో ఎంతుందో విడివిడిగా తేల్చబట్టే అలా చెప్పగలిగారు. తుపాకీ గుళ్ళలో సీసం కూడా అంతే, స్టడీ చూశాక 1999లో అక్కడ సీసం గుళ్ళు ఆపారు, పుట్టే బిడ్డల రక్తంలో సీసం తగ్గింది.

పత్తిచేను_గుంటూరు:
ఇదంతా చదువుతుంటే మనసు అదోలా ఉంది. చిన్నప్పుడు మా నాన్న పత్తికి ఎండోసల్ఫాన్ అనే పురుగుమందు కొట్టేవాడు, మూతికి తువ్వాలు కట్టుకుని, నేను బిందెతో నీళ్ళు మోసేవాణ్ణి. సాయంత్రానికి వాసన పోయేది, పోయిందిలే అనుకునేవాళ్ళం. అది ఆర్కిటిక్ దాకా పోతుందని ఎవడికి తెలుసు. 2011లో స్టాక్‌హోమ్ లిస్టులో చేర్చారు, అదే ఏడు మే నెలలో మన సుప్రీంకోర్టూ ఆపింది. అక్కడి తల్లులు నోరు తెరవకపోతే మన చేలల్లో ఇంకెన్నాళ్ళు కొట్టేవాళ్ళమో.

లెక్కమాస్టారు:
ఆనీ అలోవా గురించి నాకు తెలీదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నా.

చలిగాలి_22:
అందరికీ చాలా థ్యాంక్స్, స్లైడ్లు మళ్ళీ మొదట్నుంచి చేస్తున్నా. మంచుదారి గారూ, ఆ ఫారంలో ఏమేం అడిగేవాళ్ళో గుర్తుందా? ఒక స్లైడ్ నిండా అదే పెడదామని.

మంచుదారి:
గుర్తున్నంత వరకు: తేదీ, చోటు, ఆడా మగా, పొడవు, చుట్టుకొలత, కొవ్వు మందం, కడుపులో ఏముంది. అడుగున "ఇంకేమైనా గమనించారా" అని మూడు ఖాళీ గీతలు. మేం ముందు చదివేది ఆ మూడు గీతలే.