దక్షిణ ఫ్రాన్స్ పాత పట్టణాలు: పెద్దవాళ్ళతో వెళ్తే ఎక్కడ బస చేయాలి?

ప్రశ్న – పెన్నాతీరం, నెల్లూరు

వచ్చే మే నెలలో అమ్మానాన్నలతో కలిసి ఫ్రాన్స్‌లోని ప్రొవాన్స్ ప్రాంతానికి వెళ్ళాలనుకుంటున్నాము. నాన్నగారు నీటిపారుదల శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసినవారు కనుక రోమన్ల నాటి కట్టడాలు చూడాలని ఉబలాటపడుతున్నారు. అమ్మకు మోకాళ్ళ నొప్పుల వల్ల ఎక్కువ మెట్లు ఎక్కడం కష్టం. కారు నడిపే ఉద్దేశం లేదు. అవిన్యోన్, ఆర్ల్ పట్టణాలలో ఎక్కడ ఉంటే అనుకూలమో తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం – బాటసారి, ఒంగోలు

నమస్కారమండీ. రైళ్ళ దృష్ట్యా అవిన్యోన్ మేలని నా అభిప్రాయం. పారిస్ నుంచి హైస్పీడ్ రైలులో మూడు గంటలలోపే చేరుకోవచ్చు. అక్కడి నుంచి ఆర్ల్‌కు సుమారు ఇరవై నిమిషాలే. 1309 నుంచి 1377 వరకు పోపులు ఈ ఊళ్ళోనే ఉన్నారు. ఆ కాలంలో వారు కట్టించుకున్న కోటలాంటి భవనం ఊరి నడుమనే ఉంది గానీ, లోపల మెట్లు ఎక్కువ.

నాన్నగారిని మాత్రం పోన్ దు గార్ వంతెనకు తప్పక తీసుకువెళ్ళండి. నీమ్ నగరానికి నీరు తెచ్చిన సుమారు 50 కిలోమీటర్ల కాలువను గార్దోన్ నది దాటించడానికి, రోమన్లు మూడు అంతస్తుల కమానులతో 49 మీటర్ల ఎత్తున కట్టిన వంతెన అది. అంత పొడవైన కాలువకు మొత్తం వాలు ఇరవై మీటర్లు కూడా లేదంటే, కాలువల కింద పనిచేసినవారికి ఆ లెక్క ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు. దగ్గరగా చూస్తే గోడలోంచి కొన్ని రాళ్ళు బయటికి పొడుచుకొని కనిపిస్తాయి. అవి పరంజా ఆనించడానికి వదిలినవి.

సమాధానం – ఉప్పుటేరు, కావలి

బాటసారి గారితో నేను ఏకీభవించలేను. అవిన్యోన్‌లో జనం ఎక్కువ. ఆర్ల్ చిన్న ఊరు, సాయంత్రం నింపాదిగా తిరగవచ్చు. అక్కడి రోమన్ క్రీడాస్థలం క్రీ.శ. 90 ప్రాంతానిది. మధ్యయుగంలో జనం దాని లోపలే ఇళ్ళు కట్టుకొని కాపురాలు చేశారు. 19వ శతాబ్దంలో ఆ ఇళ్ళను తొలగించినా, అప్పటి బురుజులు మూడు ఇంకా నిలిచి ఉన్నాయి.

అమ్మగారికైతే ఎగ్ మోర్త్ చూపించండి. నీమ్ నుంచి వెళ్ళవచ్చు. ఊరంతా చదునైన నేల, చుట్టూ చెక్కుచెదరని ప్రాకారం. 1248లో ఫ్రాన్స్ రాజు తొమ్మిదవ లూయీ క్రూసేడ్ యుద్ధానికి ఓడ ఎక్కింది ఇక్కడే. గోడ మీదికి ఎక్కకపోయినా లోపలి వీధులే చాలు. పక్కనే ఉప్పు మడులు, ఆ పైన కమార్గ్ డెల్టాలో వరి పొలాలు, మన పులికాట్‌కు వచ్చే జాతి ఫ్లెమింగోలు. నెల్లూరు వారికి పరాయి దేశమనిపించదు!

పెన్నాతీరం, నెల్లూరు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆర్ల్‌లోనే ఉంటాము. వాతావరణం, వీసా సంగతి కూడా చెప్పగలరా?

బాటసారి, ఒంగోలు

మే నెలలో ఎండ హాయిగా ఉంటుంది గానీ, ఉత్తరం నుంచి రోన్ లోయ వెంట వీచే మిస్ట్రల్ గాలి లేచిందంటే ఎండలోనూ వణికిస్తుంది. పెద్దవాళ్ళకు స్వెటర్లు ఉంచండి. షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపడే ప్రయాణ బీమా తప్పనిసరి. ఇంకొక మాట: చిన్న ఊళ్ళలో మధ్యాహ్నం రెండు దాటితే చాలా హోటళ్ళలో వంట కట్టేస్తారు, ఆదివారం బస్సులూ తక్కువే.