"బుధవారం రాత్రి, తెల్లవారితే గురువారం" - ఇంతకీ ఏ తేదీ వేయాలి?

పొద్దున్నే గ్రూపుల్లో తిరిగే "చరిత్రలో ఈ రోజు" జాబితాలు మీకూ వస్తూనే ఉంటాయి. అక్టోబరు 12ది చూశారా, చాంతాడంత ఉంటుంది. 1492లో కొలంబస్ ఓడలకి నేల కనబడింది, 1967లో రామ్ మనోహర్ లోహియా పోయారు, 1999లో పాకిస్తాన్‌లో ముషారఫ్ నవాజ్ షరీఫ్‌ని దింపేశాడు, అదే రోజుని ఐక్యరాజ్యసమితి ప్రపంచ జనాభా 600 కోట్లు అయిన రోజుగా లెక్క కట్టుకుంది, 2005లో సమాచార హక్కు చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చింది. ఇవన్నీ సరే, మన ఉత్తరాంధ్ర జిల్లాల వాళ్ల కళ్లు ఆగేది చివర్న ఉన్న రెండింటి దగ్గర: 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్. ఏడాది తిరిగేసరికి అదే తేదీకి ఇంకో తుఫాను. మొదటిది ఒడిశాలో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటుతూ ఇచ్ఛాపురం, సోంపేట, కవిటి వైపు కూడా దెబ్బతీసింది, రెండోది విశాఖ మీద పడి విజయనగరం, శ్రీకాకుళాలని కూడా చీకట్లో పెట్టింది.

తిత్లీ తుఫాను మాత్రం అందులో లేదు. అది 2018 అక్టోబరు 11, గురువారం, కాబట్టి పక్క రోజు జాబితాలోకి పోయింది. కానీ పలాస, కవిటి చుట్టుపక్కల ఉద్దానంలో ఎవర్నయినా కదిపి చూడండి, "బుధవారం రేత్రి కొట్టిందండి, తెల్లారితే గురువారం" అనే చెబుతారు. మొన్న దీని మీద గ్రూపులో ఒకరు "వీళ్లకి తేదీ కూడా సరిగ్గా గుర్తులేదు" అని రాశారు. అందుకే ఈ పోస్టు. వాళ్లకి తేదీ గుర్తు లేకపోవడం కాదు, వాళ్ల రోజు మొదలయ్యే వేళ వేరు.

గోడ మీది క్యాలెండరుకి రోజు అర్ధరాత్రి మారుతుంది. మన వారం మారేది పొద్దు పొడిచాక. ఈ రెంటికీ మధ్య ఐదారు గంటల సందు ఉంది చూశారా, ఆ సందులో జరిగినదాన్ని చెప్పడానికి తెలుగువాడు కట్టుకున్న మాటే "తెల్లవారితే ఫలానా వారం". శుభలేఖల్లో రోజూ చూసేదే. రాత్రి రెండున్నరకి ముహూర్తం అయితే "బుధవారం రాత్రి, తెల్లవారితే గురువారం" అని వేస్తారు, చదివినవాడికి ఏ రాత్రి బయల్దేరాలో ఇట్టే తెలిసిపోతుంది. రైలు టికెట్టులో ఈ సౌకర్యం లేదు. 00.20 అని ఉంటే ఒక రోజు ఆలస్యంగా స్టేషనుకి పోయి బెంచీ మీద కూలబడ్డవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు.

తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది తెల్లవారుజామున నాలుగున్నర, ఐదున్నర మధ్య. అప్పటికి కరెంటు లేదు, చూసుకోవడానికి గడియారం కనబడదు, పెంకులు ఎగిరిపోతున్న చప్పుడు, తలుపుకి లోపలి నుంచి మంచం అడ్డంపెట్టి దాన్ని మనుషులు పట్టుకుని కూచున్నారు. వెలుతురొచ్చాక బయటికొస్తే జీడిచెట్లు వేళ్లతో లేచిపోయి ఉన్నాయి, కొబ్బరిచెట్లు కొన్ని నడిమికి విరిగి, కొన్ని నిలబడే ఉన్నా మొవ్వు తిరిగిపోయి. వాళ్లకి గురువారం అంటే ఆ చూసింది. కొట్టింది మాత్రం బుధవారం రాత్రే. ఇందులో తప్పేముంది?

ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి ఉంది. వాతావరణ శాఖ బులెటిన్లలో మన టైముతో పాటు గ్రీన్‌విచ్ లెక్క, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన టైము, కూడా ఉంటుంది. మనం దానికంటే ఐదున్నర గంటలు ముందు కాబట్టి ఆ లెక్కలో మనకి తేదీ మారేది పొద్దున్న ఐదున్నరకి. అక్టోబరులో పలాసలో పొద్దు పొడిచేదీ ఆరు కాకముందే. అంటే ప్రపంచంలోని వాతావరణ శాస్త్రవేత్తలందరి లెక్క ప్రకారం తిత్లీ తీరం దాటింది అక్టోబరు 10, బుధవారం రాత్రి 11 నుంచి 12 లోపు. ఉద్దానం ముసలమ్మ చెప్పిందీ అదే. క్యాలెండరు పట్టుకుని ఆవిణ్ణి దిద్దబోయినవాళ్లే ఆలోచించుకోవాలి.

కొలంబస్‌దీ ఇదే గొడవ. పింటా ఓడ మీద కాపలా ఉన్న నావికుడికి నేల కనబడింది రాత్రి రెండు గంటలకి. మన లెక్కలో అయితే గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం. పైగా అది పాత జూలియన్ క్యాలెండరు తేదీ, 1582లో పోప్ గ్రెగరీ సరిచేసిన ఇప్పటి లెక్కకి మారిస్తే అక్టోబరు 21 అవుతుంది. "ఈ రోజు" అని ధీమాగా పంపేవాళ్లు ఇది కూడా చూసుకుంటే బాగుండును.

హుద్‌హుద్‌తో ఏ పేచీ లేదు. ఆదివారం, పట్టపగలు.

వ్యాఖ్యలు

విజయనగరం నుంచి ఒక మాస్టారు: బాగుంది నాయనా. ఒక చిన్న చేర్పు. పాత రాతలో అది "తెల్లవాఱు", బండి ఱతో. తెలుపు పాకడం అని అర్థం, అంటే మాటలోనే వెలుతురు ఉంది, గంట లేదు. "తేదీ" అన్నది "తిథి" నుంచే వచ్చిందంటారు కానీ రెండూ ఎప్పుడో విడిపోయాయి. తిథికి పొద్దూ పట్టదు, అర్ధరాత్రీ పట్టదు, చంద్రుణ్ణి బట్టి మధ్యాహ్నం మూడింటికైనా మారుతుంది. అందుకే 2013లో అక్టోబరు 12 దసరా రోజుల్లో పడింది, 2014లో దసరా వెళ్లిపోయాక పడింది. మా ఊళ్లో హుద్‌హుద్ ఎప్పుడంటే తేదీ చెప్పరు, "సిరిమాను అయిన ఆదివారం" అంటారు. పైడితల్లమ్మ జాతరలో సిరిమాను దసరా వెళ్లిన మంగళవారం తిరుగుతుంది కదా, ఆ వారంలోనే వచ్చింది గాలి.

నేను: అవును మాస్టారూ. "తెల్లారింది" అంటే పని చెడింది అని కూడా వాడతాం, తిత్లీకి రెండర్థాలూ సరిపోయాయి.

ఆమదాలవలస నుంచి: ఇవన్నీ ఇంట్లో కబుర్లకి బాగుంటాయండి, గవర్నమెంటు కాగితాలకి పనికిరావు. చట్టానికి 12 అంటే 12.

నేను: చట్టాన్నే చూద్దాం. సమాచార హక్కు చట్టానికి రాష్ట్రపతి ఆమోదం 2005 జూన్ 15న వచ్చింది, 120వ రోజున పూర్తిగా అమల్లోకి రావాలని అందులోనే రాశారు. జూన్ 15ని ఒకటో రోజుగా పట్టుకుంటేనే అక్టోబరు 12 వస్తుంది, 16 నుంచి మొదలుపెడితే 13 అవుతుంది. పదకొండో రోజు పురుడు అన్నప్పుడు మన ఆడవాళ్లు బిడ్డ పుట్టిన రోజుని కలుపుకునే లెక్కపెడతారు కదా, ఢిల్లీవాళ్లూ అలాగే పెట్టారు. కాగితం అనగానే వేరే లెక్క అనుకోనక్కర్లేదు.

పలాస నుంచి ఒకావిడ: "అక్టోబరు 11 నాడు" అనొచ్చాండీ? మా అబ్బాయి వ్యాసంలో అలా రాస్తే టీచరు కొట్టేసి "11న" అని రాశారట.

నేను: తప్పని కొట్టెయ్యాల్సిన పని లేదమ్మా. కాకపోతే "నాడు" అన్నది సందర్భానికి, వారానికి, తిథికి అతికినట్టు అంకెకి అతకదు. పండగ నాడు, పెళ్లి నాడు, గురువారం నాడు, అమావాస్య నాడు. తుఫాను నాడు అంటే చెవికి ఇంపుగా ఉంటుంది. అంకె పక్కన "న" చాలు. మీవైపు ఇప్పటికే "తిత్లీ నాడు పుట్టాడు" అంటున్నారు కదా, పాకిస్తాన్ వాళ్లు సీతాకోకచిలుకని ఇచ్చిన పేరు మనకి పండగ పేరులా కుదిరిపోయింది.

ఆమదాలవలస నుంచి: సరేనండి, పురుడు లెక్కతో నా నోరు మూయించారు. అసలు పని అడుగుతాను. మా చెల్లి ముహూర్తం శనివారం రాత్రి 2-40. శుభలేఖలో శనివారం తేదీ వెయ్యాలా, ఆదివారం తేదీయా? నాన్న ఒకటి అంటున్నారు, ప్రెస్సువాడు ఇంకోటి అంటున్నాడు.

నేను: శనివారం తేదీ వేసి, "శనివారం రాత్రి 2-40 గంటలకు, తెల్లవారితే ఆదివారం" అని పూర్తిగా రాయించండి. ఆదివారం తేదీ ఒక్కటే వేస్తే సగం మంది ఆదివారం రాత్రి దిగుతారు. ఫోను క్యాలెండరులో పెట్టుకునే కుర్రాళ్లకి మాత్రం వాట్సాప్‌లో ఆదివారం తేదీ, 2.40 అని విడిగా పంపండి. హాలు శనివారం సాయంత్రం నుంచి మాట్లాడుకోండి.