కోవిడ్ నష్టాన్ని పెద్దవాళ్ల ప్రీమియంలోనే వసూలు చేయడం న్యాయమేనా?

బెజవాడ వాసి:

మా నాన్నగారికి ఇప్పుడు 72 ఏళ్లు. విజయవాడలో అమ్మతో ఉంటున్నారు. రిటైర్ కాకముందే తీసుకున్న ఆరోగ్య బీమా పాలసీని ఒక్క ఏడాది కూడా తప్పకుండా రెన్యూవల్ చేస్తూ వచ్చారు. 2021లో రెండో వేవ్ సమయంలో కోవిడ్ సోకి ఆసుపత్రిలో చేరినప్పుడు, అంతకాలంలో మొదటిసారిగా క్లెయిము పెట్టారు. గదికి, మందులకు డబ్బు వచ్చింది గానీ, బిల్లులో రోజువారీగా వేసిన పీపీఈ కిట్లు, గ్లవ్స్, మాస్కుల వరుసలన్నింటినీ కన్స్యూమబుల్స్ అనే పేరుతో కొట్టివేశారు. ఆ ఖర్చులకు కూడా వర్తించే కరోనా కవచ్ పాలసీలు 2020 జూలైలో వచ్చాయి. కానీ వాటిలో చేరడానికి గరిష్ఠ వయసు 65గా పెట్టడంతో, అప్పటికే 66 నిండిన నాన్నగారికి ఆ అవకాశం దక్కలేదు.

ఆ తర్వాత ప్రీమియం ఏటా పెరుగుతూనే ఉంది. కారణం అడిగితే, ఇది మీ క్లెయిము వల్ల కాదని, ఆ పాలసీ మొత్తానికి ధర సవరించామని, వయసు స్లాబు కూడా మారిందని, కోవిడ్ తర్వాత వైద్యం ఖర్చు పెరిగిందని చెప్పారు. ఎంత భాగం దేనివల్ల పెరిగిందో మాత్రం చెప్పలేదు. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు, ప్రమాదం ఎక్కువగా ఉన్నవారు ఎక్కువ కట్టడమే బీమా ధర్మమని వాదిస్తున్నాడు. వయసుతో వచ్చే జబ్బులకు ఆ మాట సరేనేమో గానీ, దేశం మొత్తానికి ఒకేసారి వచ్చిపడిన మహమ్మారి ఖర్చును వయసు లెక్కన పంచడం నాకు న్యాయంగా తోచడం లేదు. ఈ రంగం తెలిసినవారు తమ అభిప్రాయం చెప్పగలరు.

లెక్కల గుమాస్తా:

బీమా కంపెనీలో ధరల నిర్ణయ విభాగంలో చాలాకాలం పనిచేసినవాడిగా చెబుతున్నాను. మీరు అడిగిన తేడా నిజమైనది, దాన్ని మా విభాగాల్లోనూ తేలిగ్గా తీసుకోరు. ఊళ్లో ఒక ఇల్లు కాలితే మిగిలిన ఇళ్లవాళ్లు తలా కొంత వేసుకుని ఆ ఇంటిని నిలబెడతారు. ఊరంతా వరదలో మునిగితే ఎవరు ఎవరికి వేయాలి? గుండెజబ్బు, మోకాలి ఆపరేషన్ మొదటి రకానికి చెందినవి. ఒకరికి వచ్చిందని పక్కవారికి రాదు, కాబట్టి లక్షమందిని కలిపితే ఏడాదికి ఎందరికి వస్తుందో దాదాపుగా చెప్పగలం. మహమ్మారి విషయంలో ఆ ఆధారమే పోతుంది. ఎంతమందిని కలిపినా ప్రమాదం పలచబడదు, ఎందుకంటే అందరి క్లెయిములూ ఒకే నెలలో వస్తాయి.

లెక్కలు చూస్తే మీ తమ్ముడి వాదన మరింత బలహీనపడుతుంది. మన దేశంలో ఆరోగ్య బీమా వ్యాపారం మొత్తం మీద 2021-22లో ప్రతి 100 రూపాయల ప్రీమియానికి సుమారు 109 రూపాయలు క్లెయిముల కింద పోయాయి. మరుసటి ఏడాదికే అది సుమారు 89కి దిగింది. అంటే ఉప్పెన వచ్చింది, వెళ్లిపోయింది. కానీ ఆ ఏడాది నష్టాన్ని చూపి సవరించిన ధరలు క్లెయిములతోపాటు వెనక్కి రాలేదు. ఇందులో వైద్య ద్రవ్యోల్బణం వాటా ఉందని ఒప్పుకుంటాను. ఎంత ఉందో విడదీసి చూపించమని అడిగే హక్కు మాత్రం మీకు ఉండాలి.

పైకి కనబడని విషయం మరొకటి ఉంది. కంపెనీలు తమ ఉద్యోగులందరికీ కలిపి తీసుకునే గ్రూప్ పాలసీల్లో బేరమాడే శక్తి ఎక్కువ కాబట్టి, వాటిలో క్లెయిముల నిష్పత్తి, అంటే ప్రీమియంలో క్లెయిములకు పోయే వాటా, వ్యక్తిగత పాలసీలకన్నా చాలా ఎక్కువగా ఉంటుంది. ఆ లోటును ఎంతో కొంత పూడుస్తున్నది విడిగా పాలసీ కొనుక్కున్న మీ నాన్నగారి వంటివారే. మీ తమ్ముడికి ఆఫీసు పాలసీ ఉన్నట్లయితే ఈ సంగతి తప్పక చెప్పండి.

అలాగని ధర తక్కువగా ఉంటే చాలు, న్యాయం జరిగినట్లేననీ అనుకోకూడదు. థాయిలాండ్‌లో కోవిడ్ సోకితే చాలు ఏకమొత్తంగా డబ్బిచ్చే చౌక పాలసీలను విపరీతంగా అమ్మారు. కేసులు పెరిగేసరికి చెల్లించలేక 2021 అక్టోబరు నుంచి 2022 ఏప్రిల్ లోపు నాలుగు కంపెనీల లైసెన్సులు రద్దయ్యాయి.

మొదటి జీతం:

నాకు 28 ఏళ్లు, హైదరాబాదులో ఉంటాను. ఆఫీసు పాలసీ లేదు, సొంతంగా కడుతున్నాను. అందరి సానుభూతీ పెద్దవాళ్ల వైపే ఉండటం సహజమే గానీ, వాళ్లకు తగ్గించిన ప్రతి రూపాయినీ మా మీద వేస్తారన్న సంగతి మరిచిపోవద్దు. నా స్నేహితుల్లో చాలామంది బీమా దండగ అనుకుంటున్నారు. ఇంకాస్త పెంచితే నేనూ మానేస్తానేమో. ఆరోగ్యంగా ఉన్నవాళ్లంతా తప్పుకుంటే మిగిలేది రోగులే కాబట్టి అప్పుడు ధర మరింత పెరుగుతుంది. వయసును బట్టి కాకపోయినా, టీకా వేయించుకోవడానికి నిరాకరించినవారి దగ్గరైనా ఎక్కువ వసూలు చేయడంలో తప్పేముంది? వయసు ఎవరి చేతిలోనూ లేదు గానీ, టీకా మన చేతిలో ఉన్నదే కదా.

డాలస్ నుంచి:

మొదటి జీతం గారు అడిగిన రెండు విషయాలనూ మేమిక్కడ అమెరికాలో చూశాం. ఒబామా కాలపు చట్టం ప్రకారం 2014 నుంచి వ్యక్తిగత పాలసీల్లో ఆరోగ్య స్థితిని బట్టి ధర మార్చకూడదు. వయసును బట్టి మార్చవచ్చు, కానీ పెద్దవయసువారి ప్రీమియం యువకుల ప్రీమియానికి మూడు రెట్లు మించకూడదు. పొగాకు వాడేవారికి ఒకటిన్నర రెట్ల వరకు అనుమతించారు. టీకా గురించి అందులో ప్రత్యేకంగా ఏమీ లేదు. అయితే 2021 ఆగస్టులో డెల్టా విమానయాన సంస్థ, తన వైద్య పథకంలో ఉన్న ఉద్యోగుల్లో టీకా వేయించుకోనివారిపై నవంబరు నుంచి నెలకు 200 డాలర్ల అదనపు రుసుము వేస్తామని ప్రకటించింది. కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరిన ఒక్కొక్క ఉద్యోగికి సగటున 50,000 డాలర్లు ఖర్చవుతోందని కారణం చెప్పింది.

నేను దాన్ని అప్పుడు సమర్థించలేదు, ఇప్పుడూ సమర్థించను. టీకాకు ఒప్పించడానికి డాక్టరు ఉన్నారు, ఆరోగ్య శాఖ ఉంది. ప్రీమియాన్ని శిక్షగా వాడటం మొదలుపెడితే, రేపు బరువుకూ, ఎల్లుండి చేసే పనికీ అదే తర్కం వర్తిస్తుంది. మహమ్మారిలో బస్సు నడిపినవాళ్లు, శవాలు మోసినవాళ్లు ఎక్కువ ప్రమాదంలో ఉన్నారు. వాళ్ల దగ్గర ఎక్కువ వసూలు చేద్దామని ఎవరైనా అంటారా? కరోనా కవచ్‌లో మీ దేశపు నియంత్రణ సంస్థ వైద్య సిబ్బందికి ప్రీమియంలో 5 శాతం తగ్గింపు ఇప్పించిందని చదివినప్పుడు నాకు సంతోషం కలిగింది. ప్రమాదం ఎక్కువ ఉన్నవారికే ధర తగ్గించడమంటే సమాజం ఒక నిర్ణయం తీసుకోవడమే.

బెజవాడ వాసి:

అందరికీ ధన్యవాదాలు. మొదటి జీతం గారూ, మీ మీద భారం వేయాలన్నది నా ఉద్దేశం కాదు. రెండో వేవ్‌లో మీ వయసువాళ్లను ఎందరినో పోగొట్టుకున్నాం, మా వీధిలోనే ముప్పై దాటని ఇద్దరు పోయారు. అందుకే ఆ ప్రమాదాన్ని వయసుతో ముడిపెట్టడం నాకు అంగీకారం కావడం లేదు. గుమాస్తా గారూ, భారం పెద్దలమీదా వద్దు, యువకులమీదా వద్దు, కంపెనీ కూడా మునగకూడదంటే ఇక మిగిలేది ఎవరు?

లెక్కల గుమాస్తా:

మిగిలేది ప్రభుత్వ ఖజానా, దాని వెనుక ముందుగానే కూడబెట్టిన ఒక ఉమ్మడి నిధి. ఇదేమీ కొత్త ఆలోచన కాదు. 2001లో న్యూయార్క్ దాడుల తర్వాత ఉగ్రవాద నష్టానికి పూచీ పడటానికి బీమా కంపెనీలకే బీమా ఇచ్చే విదేశీ రీఇన్సూరెన్స్ సంస్థలు వెనుకాడితే, 2002లో మన కంపెనీలన్నీ కలిసి ఒక పూల్ ఏర్పాటు చేసుకున్నాయి. అణు ప్రమాదాలకు 2015లో మరొకటి వచ్చింది. 2020లో బీమా రంగ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నియమించిన బృందం మహమ్మారికీ అటువంటి పూల్ ఉండాలని సిఫారసు చేసింది. అయితే అది ప్రధానంగా చిన్న పరిశ్రమల నష్టాలను, కార్మికుల వేతనాలను దృష్టిలో పెట్టుకున్నది. ఆసుపత్రి ఖర్చులకూ ఆ పద్ధతే వర్తింపజేయాలని నా గట్టి అభిప్రాయం. మామూలు ఏడాదుల్లో ప్రతి పాలసీ నుంచి, గ్రూప్ పాలసీలతో సహా, వయసుతో నిమిత్తం లేకుండా కొద్ది మొత్తం పక్కన పెట్టాలి. క్లెయిములు ఒక హద్దు దాటిన ఏడాది ఆ నిధి నుంచి, అదీ చాలకపోతే ఖజానా నుంచి చెల్లించాలి. అప్పుడు 28 ఏళ్ల వ్యక్తీ 72 ఏళ్ల వ్యక్తీ వరదకు సమానంగా, రోజువారీ జబ్బులకు మాత్రం వయసు ప్రకారం కడతారు.

అంతవరకూ చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. 60 దాటినవారి ప్రీమియాన్ని ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే ముందుగా తమను సంప్రదించాలని 2025 జనవరిలో ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. అదే ఏడాది సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీలపై 18 శాతం జీఎస్టీని తీసివేశారు. కాబట్టి పాత రసీదునూ కొత్త రసీదునూ పన్ను లేకుండా పోల్చి చూడండి, లేకపోతే పెంపు ఎంతో సరిగా తెలియదు. 70 నిండినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు కింద 5 లక్షల వరకు వైద్యం ఉంది. సొంత పాలసీ ఉన్నా తీసుకోవచ్చు కాబట్టి నాన్నగారి పేరు వెంటనే నమోదు చేయించండి.

పెంపులో వయసు స్లాబు వాటా ఎంత, ధర సవరణ వాటా ఎంత అన్నది కంపెనీని ఈమెయిల్‌లోనే అడగండి, ఫోనులో వద్దు. సరైన జవాబు రాకపోతే ఆ ఈమెయిల్ ప్రతిని జతచేసి ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి.