ఆర్.ఇ.ఎం. వినడం ఎక్కడ మొదలుపెట్టాలి? మా అమ్మాయి ఏథెన్స్‌లో చేరింది

అల్ఫారెట్టా నాన్న:
అందరికీ నమస్కారం. మా పెద్దమ్మాయి ఈ ఆగస్టులో ఏథెన్స్‌లో (అమెరికాలోని మా జార్జియా రాష్ట్రం ఊరే, గ్రీసుది కాదు), జార్జియా యూనివర్సిటీలో చేరింది. పోయిన వారం ఫోన్ చేసి "నాన్నా, ఆర్.ఇ.ఎం. రాక్ బ్యాండ్ ఈ ఊరివాళ్లేనని తెలుసా?" అంది. నాకు ఆర్.ఇ.ఎం. అంటే నిద్రలో కనుగుడ్లు గబగబా కదిలే దశ అనే తెలుసు. ఇన్నేళ్లు ఈ రాష్ట్రంలో ఉండి ఇది తెలియదా అని ఒకటే నవ్వు.

వచ్చే ఆదివారం తనని చూడటానికి వెళ్తున్నాం. పోను గంటన్నర, రాను గంటన్నర. ఈలోగా నాలుగు పాటలైనా విని వెళ్దామని చూస్తే పదిహేను ఆల్బమ్‌లు కనిపించాయి. మొదటిది పెడితే ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. రోజూ ఇంగ్లీషులో మీటింగులు నడిపేవాణ్ని, నాకే సిగ్గేసింది.

ఇంకో తిరకాసు ఉంది. గుంటూరు నుంచి వచ్చిన మా నాన్నగారు టీవీ తెర మీద 'లూజింగ్ మై రిలిజియన్' అన్న పేరు చూసి, "మతం పోగొట్టుకోవడం మీద కూడా పాటలేంట్రా?" అన్నారు. ఆయనా కారులో వస్తారు. ఏ వరసలో వినాలి, ఆ ఊళ్లో చూడాల్సినవేమైనా ఉన్నాయా, కాస్త చెప్పండి.

పాత క్యాసెట్:
ముందు ఆ సిగ్గు పక్కన పెట్టండి సార్. మొదటి ఆల్బమ్ 'మర్మర్' (1983) మాటలు ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకీ అర్థం కావు. మైకేల్ స్టైప్ అప్పట్లో కావాలనే గొణిగినట్టు పాడేవాడు. గొంతుని కూడా ఒక వాయిద్యంలా మిగతావాటి మధ్య కలిపేశారు. పాటల సాహిత్యం మొత్తం అట్ట మీద అచ్చువేసింది 1998లో వచ్చిన 'అప్' ఆల్బమ్‌తోనే, అంటే పదిహేనేళ్ల తర్వాత. కాబట్టి తప్పు మీ ఇంగ్లీషుది కాదు. మనవాళ్లలో ఎంతమంది త్యాగరాజ కీర్తన తప్పుల్లేకుండా వింటారు చెప్పండి, అయినా తల ఊపుతాం కదా.

కారుకైతే 'ఆటోమేటిక్ ఫర్ ది పీపుల్' (1992)తో మొదలుపెట్టండి. అందులో గొంతు స్పష్టంగా ఉంటుంది, నెమ్మదిగా సాగుతుంది, పెద్దాయనకీ ఇబ్బంది ఉండదు. కొన్ని పాటలకి తీగ వాయిద్యాల కూర్పు లెడ్ జెప్పెలిన్ అనే బ్యాండ్ బాస్ గిటారిస్టు జాన్ పాల్ జోన్స్ చేశాడు. 'ఎవ్రీబడీ హర్ట్స్' అందులోదే. ఆ ఆల్బమ్ అయ్యేసరికి సగం దారి దాటేస్తారు. తిరుగు ప్రయాణంలో 'మర్మర్' పెట్టండి. ఊరు చూశాక అది వేరేగా వినిపిస్తుంది.

ఇక కథ. గిటారిస్టు పీటర్ బక్ ఏథెన్స్‌లో వక్స్‌ట్రీ అనే రికార్డుల కొట్లో గుమాస్తా. స్టైప్ అక్కడికి వచ్చే కస్టమర్, యూనివర్సిటీలో చిత్రకళ చదువు. బక్ తన కోసం పక్కన పెట్టుకున్న రికార్డులే ఇతను కొనడానికి వచ్చేవాడట, అలా కలిసింది స్నేహం. బాస్ గిటార్ మైక్ మిల్స్, డ్రమ్స్ బిల్ బెర్రీ ఇద్దరూ మేకన్ ఊళ్లో హైస్కూలు నుంచీ జంట. 1980 ఏప్రిల్ 5న, వాడుకలో లేని ఒక పాత చర్చిలో ఒక పుట్టినరోజు పార్టీకి మొదటిసారి నలుగురూ కలిసి వాయించారు. అప్పటికి పేరు లేదు. తర్వాత డిక్షనరీ తిరగేసి మీరు చెప్పిన ఆ నిద్ర మాట పట్టుకున్నారు. నలుగురూ చదువు మధ్యలో వదిలేసినవాళ్లేనన్న సంగతి మాత్రం మీ అమ్మాయికి గుర్తు చేయకండి.

నిద్రపట్టని హైదరాబాదీ:
బాబాయ్, పెద్దాయన ఉన్న కారులో 'ఎవ్రీబడీ హర్ట్స్' ఏంటి, ఏడిపిస్తావా? ఆ ఆల్బమ్ నిండా చావు, ముసలితనం, జ్ఞాపకాలే. నా మాట వినండన్నా, 'అవుట్ ఆఫ్ టైమ్' (1991) పెట్టండి. 'షైనీ హ్యాపీ పీపుల్' దాంట్లోనే ఉంది, దాంట్లో ఆ ఊరి బ్యాండే అయిన బి-52స్ గాయని కేట్ పియర్సన్ కూడా పాడింది. పిల్లలు గెంతుతారు.

మతం సంగతికొస్తే, అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో 'లూజింగ్ మై రిలిజియన్' అనేది జాతీయం. ఇక నా వల్ల కాదు, సహనం చచ్చిపోయింది అని. మన ఇంట్లో అమ్మ "నా ఓర్పు పరీక్షించకు" అంటుంది చూడండి, ఆ తర్వాత మెట్టు. పాట కూడా దేవుడి గురించి కాదు. ఇష్టపడ్డ మనిషికి ఎక్కువ చెప్పేశానేమో, తక్కువ చెప్పానేమో అని లోలోపల తెగ నలిగిపోయేవాడి గోల. మీ నాన్నగారికి ఇది చెబితే "ఓ, అదా" అంటారు.

వీడియో తీసింది మనవాడే, జలంధర్‌లో పుట్టిన తర్సేమ్ సింగ్. రెక్కలున్న ముసలాయన, దేవతల బొమ్మల్లాంటి రంగులు, ఆ నాటకీయత చూస్తే పాత క్యాలెండర్ బొమ్మలు గుర్తొస్తాయి. 1991లో ఎం.టి.వి. ఆ ఏడాది ఉత్తమ వీడియో బహుమతి ఇచ్చింది.

అల్ఫారెట్టా నాన్న:
చాలా థాంక్స్. నాన్నగారికి చెప్పాను. "అయితే విసుగు అని పెట్టుకోవచ్చుగా" అన్నారు. సగం గెలిచినట్టే. ఇంతకీ డ్రమ్మర్ చనిపోయాడనా బ్యాండ్ ఆగిపోయింది? ఎక్కడో చదివినట్టు గుర్తు.

పాత క్యాసెట్:
అయ్యో, లేదు సార్! బెర్రీ బతికే ఉన్నాడు. 1995 మార్చి 1న స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో కచేరీ మధ్యలో డ్రమ్స్ దగ్గర కుప్పకూలాడు. మెదడులో రక్తనాళం ఉబ్బి చిట్లింది. ఆపరేషన్ చేశారు, కోలుకున్నాడు, మళ్లీ టూర్‌కి వచ్చాడు కూడా. అదేం టూరో గానీ, మిల్స్‌కి పేగుల ఆపరేషన్, స్టైప్‌కి హెర్నియా. అయిదేళ్లు టూర్‌కి వెళ్లకుండా ఆల్బమ్‌లు చేసి, తీరా బయల్దేరితే ఆస్పత్రులు చూసొచ్చారు. అంత గందరగోళంలోనూ కచేరీల్లో, వాటికి ముందు మైకులు సరిచూసుకునే సౌండ్ చెక్‌ల్లో టేపు నడుపుతూ సగానికి పైగా ఒక ఆల్బమ్ రికార్డు చేసేశారు. అదే 'న్యూ అడ్వెంచర్స్ ఇన్ హై-ఫై' (1996). నా లెక్కలో వాళ్ల అసలైన గొప్ప ఆల్బమ్ అదే, కొట్టుకోడానికి నేను సిద్ధం.

బెర్రీ మానేసింది 1997 అక్టోబర్‌లో, తనంతట తానే. నేను వెళ్తే మీరు బ్యాండ్ మూసేస్తామంటే మాత్రం వెళ్లను అని మిగతా ముగ్గురి దగ్గరా మాట తీసుకుని మరీ వెళ్లాడు. వెళ్లి ఏథెన్స్ దగ్గరే వ్యవసాయం పెట్టుకున్నాడు. మూడు కాళ్ల కుక్కయినా కుక్కే కదా అన్నాడు స్టైప్. ఆ కుక్క ఇంకో పద్నాలుగేళ్లు నడిచింది.

లెక్కల పద్దు:
నేను ఆడిటర్ని, అందుకే నాకు వీళ్లలో నచ్చేది వేరే. ఏ పాట ఎవరు కట్టినా సరే, బెర్రీ, బక్, మిల్స్, స్టైప్ అని అక్షర క్రమంలో నలుగురి పేర్లూ వేసేవాళ్లు, రాబడి నాలుగు సమాన వాటాలు. 'ఎవ్రీబడీ హర్ట్స్' ఎక్కువ భాగం డ్రమ్మర్ కట్టిందే, అయినా అందరి పేర్లే. ఒక్కరు వద్దన్నా ఆ పని జరగదు, ఒప్పందం అలాంటిది. అన్నదమ్ములు పొలం గట్టు దగ్గర కొట్టుకునే ఊళ్లో పెరిగినవాణ్ని, నాకిది పాటలకన్నా పెద్ద వింత.

డబ్బు మెల్లగా వచ్చింది వీళ్లకి. 1981లో 'రేడియో ఫ్రీ యూరప్' హిబ్-టోన్ అనే బుల్లి కంపెనీ వేసింది. తర్వాత ఐ.ఆర్.ఎస్. కంపెనీలో ఏడాదికో ఆల్బమ్, మధ్యలో వ్యానులో ఊరూరా కచేరీలు, కాలేజీ రేడియోల్లో పాటలు. పెద్ద హిట్టు 1987లో గానీ రాలేదు. 'ది వన్ ఐ లవ్' అమెరికా పాటల పట్టికలో 9వ స్థానం. 1988లో వార్నర్ బ్రదర్స్‌కి మారి 'గ్రీన్' విడుదల చేశారు, అదీ నవంబర్ 8న, సరిగ్గా అధ్యక్ష ఎన్నికల రోజున. 1996లో అదే కంపెనీతో మళ్లీ రాసుకున్న ఒప్పందం 8 కోట్ల డాలర్లని పత్రికలన్నీ రాశాయి. మరుసటి ఏడాదే బెర్రీ వదిలేసి వెళ్లాడంటే ఆలోచించండి. ఎవరూ కోర్టుకెక్కలేదు.

మాండలిన్ పిచ్చోడు:
అందరూ అన్నీ చెప్పారు గానీ మాండలిన్ మాట ఎత్తలేదేం? 'లూజింగ్ మై రిలిజియన్' ప్రాణం అదే. బక్ కొత్తగా మాండలిన్ కొనుక్కుని, టీవీ చూస్తూ, పక్కన టేపు నడుపుతూ ప్రాక్టీసు చేసేవాడు. మర్నాడు వింటే, నేర్చుకునేవాడి తడబాటు మధ్యలో ఈ బాణీ దొరికింది. అందుకే అది వాయించడం కష్టం కాదు. పల్లవంటూ తిరిగి తిరిగి వచ్చేది కూడా లేదు. అలాంటి పాట అమెరికాలో 4వ స్థానం దాకా వెళ్లింది!

పెద్దాయనకి ఒక దారి చెప్తాను. మాండలిన్ అనగానే ఆయనకి మన పాలకొల్లు ఉప్పలపు శ్రీనివాస్ గుర్తొస్తారు. తేడా కూడా చెప్పండి. బక్ వాయించేది ఎనిమిది తీగలది, జతజతగా నాలుగు, జి-డి-ఎ-ఇ శ్రుతి. రెండేసి తీగలు ఒకేసారి మోగడంతో ఆ జలజల వస్తుంది. మన శ్రీనివాస్ గమకం కోసం జతలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకున్నారు, అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద. జత తీగలు లాగి గమకం పలికించాలంటే వేళ్లు తెగుతాయి, నేను చూసుకున్నా.

నిద్రపట్టని హైదరాబాదీ:
ఊళ్లో చూడాల్సినవి ఎవరూ చెప్పలేదు. నేను అక్కడే మాస్టర్స్ చేశా అన్నా. వాళ్లు మొదట వాయించిన ఆ చర్చి కూల్చేశారు, ఓకోనీ స్ట్రీట్‌లో దాని గోపురం ఒక్కటి మిగిలింది. వక్స్‌ట్రీ కొట్టు డౌన్‌టౌన్‌లో ఉంది. కచేరీలు జరిగే 40 వాట్ క్లబ్ కూడా అక్కడికి నడిచే దూరమే. 'మర్మర్' అట్ట వెనక ఉన్న పాత చెక్క రైలు వంతెన మాత్రం ఇప్పుడు లేదు, ఆ చోట నడకదారికి కొత్త వంతెన కట్టారు. అట్ట ముందున్న తీగని చూడటానికి ఎక్కడికీ వెళ్లక్కర్లేదు, అది కుడ్జూ. జార్జియా రోడ్ల పక్కన చెట్టూ స్తంభమూ తేడా లేకుండా కప్పేస్తుంది. తినాలంటే వీవర్ డీస్. ఆర్డర్ చెప్పగానే ఆ ఓనరు అనే మాట 'ఆటోమేటిక్', హోటలు నినాదమే ఆల్బమ్ పేరైంది. తెరిచి ఉంటారో లేదో ముందు కనుక్కోండి.

సందేహాల సుబ్బి:
మళ్లీ కలుస్తారా? నేను టికెట్‌కి డబ్బులు దాచుకుంటున్నా.

పాత క్యాసెట్:
దాచుకో తల్లీ, వేరే ఖర్చుకి పనికొస్తాయి. 2011 సెప్టెంబర్ 21న ఆపేశామని ప్రకటించారు, గొడవేం లేదు. 2024 జూన్‌లో పాటల రచయితల హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చినప్పుడు నలుగురూ ఒక్క పాట వాయించారు, అదే 'లూజింగ్ మై రిలిజియన్'. మళ్లీ కలవాలంటే ఏం జరగాలి అని అడిగితే "తోకచుక్క రావాలి" అన్నాడు మిల్స్. 2025 ఫిబ్రవరిలో మాత్రం 40 వాట్ క్లబ్‌లో వేరేవాళ్లు వీళ్ల పాటలు వాయిస్తుంటే, నలుగురూ స్టేజీ ఎక్కి 'ప్రెటీ పర్స్వేజన్' పాటలో కలిశారు. అంతే. అలాంటివాటికి టికెట్ ముందే కొనలేం.

అల్ఫారెట్టా నాన్న:
వెళ్లొచ్చాం. రిపోర్టు ఇవ్వకపోతే బాగోదు.

గోపురం అంటే మన గుడి గోపురంలా ఊహించుకుని వెళ్లాను. ఎర్ర ఇటుకలది, పక్కనున్న అపార్ట్‌మెంట్ల కన్నా చిన్నగా, ఎవరో మర్చిపోయిన సామానులా నిలబడి ఉంది. మా అమ్మాయి ఆ ఇటుకల మీద చెయ్యి ఆనించి ఫోటో దిగింది. నాన్నగారు చుట్టూ ఒకసారి తిరిగి "లోపల దేవుడు లేడు గదా, చెప్పులు విప్పక్కర్లేదుగా" అన్నారు. వీవర్ డీస్‌కి వెళ్లలేదు, ఆయన శాకాహారి, పులిహోర కట్టుకెళ్లాం.

పోయేటప్పుడు ఇద్దరి మాటా కాదనకుండా 'అవుట్ ఆఫ్ టైమ్' సగం, 'ఆటోమేటిక్' సగం పెట్టాను. 'నైట్‌స్విమ్మింగ్' దగ్గర మా ఆవిడ మాట్లాడటం ఆపేసింది. తిరుగు ప్రయాణంలో 'మర్మర్'. చీకటి పడింది, రోడ్డుకి రెండు పక్కలా ఆ తీగ. మాటలు ఇప్పటికీ అర్థం కాలేదు.

వక్స్‌ట్రీలో సెకండ్‌హ్యాండ్ సీడీ ఒకటి కొన్నా, 'మాన్‌స్టర్', నారింజ రంగు అట్ట. చవగ్గా వచ్చింది. మోసపోయానా?

నిద్రపట్టని హైదరాబాదీ:
హహ, లేదన్నా. అది 1994లో లక్షలమంది కొన్నారు, తర్వాత అంతే మంది అమ్మేశారు. గిటార్ రొద ఎక్కువని. అమెరికాలో ఏ పాత సీడీల డబ్బా వెతికినా అదే నారింజ రంగు. పాటలు బావుంటాయి, 'లెట్ మి ఇన్' వినండి, నిర్వాణ బ్యాండ్ గాయకుడు కర్ట్ కొబెయిన్ పోయాక కట్టింది. పెద్దాయన కారులో ఉంటే మాత్రం పెట్టకండి.

అల్ఫారెట్టా నాన్న:
సరే. చివరి సందేహం, ఇది నాన్నగారి తరఫున. ఎనిమిది తీగల మాండలిన్ పాతది కొంటే ఏం చూసుకోవాలి? వేళ్లు తెగుతాయని చెప్పాను, వినడం లేదు.

మాండలిన్ పిచ్చోడు:
పన్నెండో మెట్టు దగ్గర తీగకీ మెట్టుకీ మధ్య ఎడం చూడండి. రెండు మిల్లీమీటర్లు దాటితే పెద్దవాళ్ల వేళ్లకి నొప్పి. మెడ ఎదురుగా పట్టుకుని వంపు ఉందేమో ఒక కన్ను మూసి చూడండి. శ్రుతి మరలు ఎనిమిదీ తిప్పి చూడండి, ఒకటి జారినా వద్దు. తీగలు మాత్రం కొనగానే మార్చేయండి, సన్నవి వేయించండి. మొదటి నెల రోజుకి పది నిమిషాలు చాలు, ఏ మైనర్, ఇ మైనర్, డి మైనర్, జి వస్తే 'లూజింగ్ మై రిలిజియన్'కి దాదాపు సరిపోతాయి.