సిలిండర్లో ఆక్సిజన్ ఎంత మిగిలిందో గేజీ చూసి లెక్కకట్టడం

ఉండి_చేపపిల్ల:
శీలావతి, బొచ్చె చేపపిల్లల ప్యాకింగ్‌కి వాడే పెద్ద సిలిండరండి. భుజం మీద 46.7 లీటర్లని కొట్టి ఉంది. గేజీలో 60 కేజీలు (చదరపు సెంటీమీటరుకి), షెడ్డులో 38 డిగ్రీలు. సంచికి 10 లీటర్ల ఆక్సిజన్ పడుతుంది. తెల్లారుజామున 250 సంచులు కట్టాలి, సరిపోద్దా? ఆదర్శ వాయు సూత్రం పీవీ = ఎన్ఆర్‌టీలో (ఒత్తిడి × ఘనపరిమాణం = మోల్స్ × ఆర్ × ఉష్ణోగ్రత) ఆర్ విలువ 0.0821 వేస్తే 898 మోల్స్ వచ్చాయి. అంటే 28 కేజీల పైనే! నమ్మబుద్ధి కావట్లేదు.

తణుకు_కెమిస్ట్రీ:
నమ్మకండి. ఆ సైజు సిలిండర్ నిండా ఉన్నా 9 కేజీల చిల్లరే. మీరు 38ని అలాగే వేసేశారు, 273 కలిపి 311 కెల్విన్ వెయ్యాలి. పెద్ద తప్పు అదే.

మిగతావి చిన్నవి. 60 కేజీలంటే 58.8 బార్లు (బార్ కూడా ఒత్తిడి కొలతే). గేజీ బయటి గాలి ఒత్తిడిని లెక్కలోకి తీసుకోదు, అందుకని 1 కలపండి: 59.8. బార్లలో వేస్తే ఆర్ 0.0831.

59.8 × 46.7 ÷ (0.0831 × 311) = 108 మోల్స్. ఆక్సిజన్ మోల్‌కి 32 గ్రాములు, దాంతో గుణిస్తే దాదాపు 3.5 కేజీలు.

అదంతా సంచుల్లోకి రాదు. గేజీ 5 కేజీలకి దిగగానే ఆపేస్తారనుకుందాం. బయటికొచ్చేది 97 మోల్స్. 27 డిగ్రీల దగ్గర మోల్‌కి 24.6 లీటర్లు, మొత్తం 2,400 లీటర్లు. లెక్క ప్రకారం 240 సంచులు.

ఆకివీడు_ప్యాకింగ్:
240 కాగితం మీదేనండి. సంచిలో గాలి నొక్కేసి పైపు పెట్టేటప్పుడు, రబ్బరు వేసేలోగా కొంత పోద్ది. పదో వంతు తీసేస్తే 215. రెండో సిలిండర్ దగ్గర పెట్టుకోండి.

తెల్లారేసరికి షెడ్డు 26 డిగ్రీలకి వస్తే గేజీ 57-58 చూపిస్తుంది. కారిపోయిందని కంగారు పడొద్దు, మోల్స్ అవే. అంతకన్నా దిగితే వాల్వ్ దగ్గర సబ్బునీళ్లు రాయండి. నూనె, గ్రీజు చేతులతో మాత్రం రెగ్యులేటర్ ముట్టుకోవద్దు, ఆక్సిజన్ తగిలితే అవి భగ్గున మండుతాయి. వరసగా సంచులు నింపాక సిలిండర్ చల్లబడి గేజీ తక్కువ చూపిస్తుంది, అరగంట ఆగి చూడండి.

ఉండి_చేపపిల్ల:
ఇంత ఒత్తిడి దగ్గర ఆదర్శ వాయు సూత్రం తప్పుతుంది కదా మాస్టారూ?

తణుకు_కెమిస్ట్రీ:
60 బార్ల దగ్గర ఆక్సిజన్‌కి 3 శాతమే, అదీ మీకు లాభంగానే: అసలు 111 మోల్స్ దాకా ఉంటాయి. అనుమానించాల్సింది గేజీని. 250 దాకా ఉండే గేజీకి రెండున్నర శాతం తేడా అంటే 6 కేజీలు, మీ 60లో పదో వంతు! చేపలు తూచే కాటా 100 గ్రాముల తేడా చూపించేదైతే సిలిండర్‌ని దాని మీద పెట్టి, భుజం మీద కొట్టిన ఖాళీ బరువు తీసేయండి. ఆ బరువు వాల్వ్‌తో కలిపా, విడిగానా అన్నది చూసుకోండి.

ఉండి_చేపపిల్ల:
వంటగ్యాస్ బండకీ ఇదే లెక్కాండి?

ఆకివీడు_ప్యాకింగ్:
కాదండి. లోపల ద్రవం ఉన్నంతసేపూ ఒత్తిడి మారదు, సగమైనా పావైనా గేజీ ఒకటే చూపిస్తుంది. దాన్ని తూచాల్సిందే.