పదకొండేళ్ల పాపని చెస్ కోసం బడి మాన్పించాలా?

నమస్కారం అండీ. మాది ఖమ్మం. మా పాప ఆరో తరగతి, ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) రేటింగ్ 1520. 2024 డిసెంబరులో గుకేశ్ 18 ఏళ్లకే డింగ్ లిరెన్‌ను ఓడించి ప్రపంచ చాంపియన్ అయ్యాడు, అదే నెలలో మన వరంగల్ అర్జున్ 2800 రేటింగ్ దాటాడు. అప్పటి నుంచి దానికి చెస్ తప్ప వేరే ధ్యాస లేదు.

గుకేశ్ నాలుగో తరగతి తర్వాత రోజూ బడికి వెళ్లడం మానేశాడట. కోచ్ గారు మా పాపకీ అదే చెయ్యమంటున్నారు. కానీ గుకేశ్ వాళ్ల నాన్నగారు డాక్టర్ ప్రాక్టీసు ఆపేసి మరీ టోర్నమెంట్లకి వెంట తిరిగారు. నాది చిన్న ఉద్యోగం, నాకు ఆ వీలు లేదు. గ్రాండ్‌మాస్టర్ కావాలంటే మూడు నార్మ్‌లు (అంటే టోర్నమెంట్లలో ఆ స్థాయి ఆట ఆడినట్టు గుర్తింపు), 2500 రేటింగ్ ఉండాలి. గుకేశ్‌కి ఆ టైటిల్ పన్నెండేళ్లకే వచ్చింది. మా పాపకి ఇప్పటికే ఆలస్యమైందేమోనని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

పిల్లల్ని బడికి పంపుతూనే 2000 దాటించిన తల్లిదండ్రులు ఉంటే చెప్పండి: రోజుకి ఎన్ని గంటలు ఆడించారు? గెలిచే ఆటల్ని మా పాప ఎండ్‌గేమ్‌లో, అంటే కొన్ని పావులే మిగిలిన చివరి దశలో, పోగొట్టుకుంటోంది. ఓపెనింగ్స్ (ఆట మొదట్లో వేసే ఎత్తులు) పక్కన పెట్టి ముందు అదే నేర్పించాలా? ఆన్‌లైన్ కోచింగ్ సరిపోతుందా, హైదరాబాద్ మారిపోవాలా?