బిడ్డకు పాలివ్వడం తల్లికి పుట్టుకతోనే వస్తుందా?

కడప_కొత్తమ్మ:
కాన్పై పన్నెండు రోజులు. తొలి బిడ్డ. పాలు పట్టిన ప్రతిసారీ ప్రాణం పోయేంత నొప్పి, చనుమొనలు పగిలి రక్తం వస్తోంది. మా అత్తమ్మ "గొడ్డూ గోదకు ఎవురు నేర్పించినారు? నీకే చేతకాలేదా?" అంటోంది. కాన్పు చేసిన ఆసుపత్రిలోనూ అదే మాట. పశువుకు పుట్టుకతోనే వచ్చే ఆ సహజాతం నాకు లేదా? రాత్రయితే టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

గొర్రెలమంద_కళ్యాణదుర్గం:
అమ్మా, మీ అత్తమ్మ మాట సగమే నిజం. గొర్రెపిల్ల పుట్టిన కాసేపటికే వణికే కాళ్లతో లేచి పొదుగు వెతుక్కుంటుంది. దానికెవరూ నేర్పరు. తల్లి సంగతి వేరు. తొలిచూలు గొర్రె కొన్నిసార్లు పిల్ల పొదుగు దగ్గరికి రాగానే గిర్రున తిరిగిపోతుంది, తలతో కుమ్ముతుంది. మా ఇంట్లో ఒకరు దాని మెడ పట్టుకుంటే ఇంకొకరు పిల్ల నోటికి చన్ను అందిస్తారు. అదే గొర్రె రెండో ఈతకు కదలకుండా నిలబడుతుంది. ఈనగానే పిల్లను నాకి వాసన పట్టాలి. ఆ తొలి గంటలు దాటిపోతే సొంత పిల్లనే తరిమేస్తుంది. పిల్ల చచ్చిపోయిన తల్లికి వేరే పిల్లను అలవాటు చేయాలంటే చచ్చిన పిల్ల తోలు దీనికి తొడిగి వదులుతాం.

బయాలజీ_కర్నూలు:
నేను ఒప్పుకోను. నాకడం, వాసన పట్టడం కూడా సహజాతమే. కాన్పులో గర్భద్వారం సాగగానే మెదడులో ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలై తల్లిబుద్ధిని లేపుతుంది. మనిషికి పాలు చేపేదీ ఆ హార్మోన్‌తోనే. జంతువుల ప్రవర్తనను పరిశోధించి 1973లో నోబెల్ పంచుకున్న కాన్రాడ్ లోరెంజ్ చూపింది ఇదే: బాతుపిల్లలు గుడ్డులోంచి రాగానే కళ్ల ముందు కదిలే దాని వెంట నడుస్తాయి. ఎవరు నేర్పారు?

ఇద్దరుపిల్లలతల్లి_ఆదోని:
సార్, ఆ బాతుపిల్లలు లోరెంజ్ వెంటే పడ్డాయి కదా! వెంట నడవాలన్నది పుట్టుకతో వచ్చింది. ఎవరి వెంట అన్నది చూసి పట్టుకున్నది. అమెరికాలో హ్యారీ హార్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్త తల్లి లేకుండా పెంచిన రీసస్ కోతుల్లో చాలావాటికి పిల్లలు పుడితే దగ్గరికి తీయలేదు, కొన్నయితే కొరికాయి. సహజాతమే చాలితే ఆ కోతులకేమైంది?
పాలు చేపడం ఒంటి పని, బిడ్డను పట్టుకోవడం చేతి పని. చెల్లీ, బిడ్డ పొట్ట నీ పొట్టకు ఆనాలి, ముక్కు చనుమొనకు ఎదురుగా రావాలి. మొనతో పైపెదవి తాకించు. నోరు బాగా తెరిచినప్పుడే దగ్గరికి లాక్కో. మొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి పోవాలి. అప్పటికీ నొప్పి తగ్గకపోతే డాక్టరమ్మకు చూపించు.

కడప_కొత్తమ్మ:
అక్కా, సాయంత్రం అట్లే పట్టాను. మొదట చురుక్కుమంది, తర్వాత బిడ్డ గుటక వినిపించింది. అత్తమ్మ పక్కనే కూర్చుని చూసింది. తన తొలి కాన్పుకు వాళ్లమ్మ మూడు నెలలు పక్కనే ఉండి, బిడ్డను పట్టి ఇచ్చేదంట. ఆ మాట ఈ రోజే చెప్పింది.